అటక మీది చెరువు

తుమ్మలకోనలో పొగగొట్టం ఉన్న ఇల్లు ఒకే ఒక్కటి. అది చింతపండు వ్యాపారి పురుషోత్తం శెట్టిది. ఆ ఊళ్లో చలికాలం అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి, పొద్దెక్కాక ఒక గొడుగు. అలాంటి చోట పొగగొట్టం ఎందుకని అడిగితే, ఎప్పుడో తెల్లదొరల కాలంలో అడవుల దొర ఒకడు సొంత ఊరి మీద బెంగతో కట్టించుకున్నాడని చెబుతారు. బెంగ తీరి దొర వెళ్లిపోయాడు. గొట్టం మిగిలింది. చేతులు మారి మారి బంగళా శెట్టి చేతికి వచ్చింది.

శెట్టి దాన్ని కొన్నది గొట్టాన్ని చూసి కాదు. గోడలు మందం. పెంకుల కప్పు కింద మనిషి నిలబడగలిగినంత అటక. ఏ సరుకు కొన్నా అందులో కొంత తరుగు పోతుంది. గింజ, పీచు, చెమ్మ తీసేశాక తూకం తగ్గక తప్పదు. తగ్గిన దాని గురించి ఏడ్చేవాడు వ్యాపారానికి పనికిరాడు. ఈ ఇంటి బేరంలో పొగగొట్టాన్ని శెట్టి తరుగు కింద వేసుకున్నాడు.

గృహప్రవేశానికి ముందు సిద్ధాంతి వచ్చి, నట్టింటి గోడలో దొర చలి కాచుకున్న పొయ్యిలోకి తల దూర్చి పైకి చూశాడు. పైన రూపాయి బిళ్లంత ఆకాశం కనిపించింది.

"ఏమి శెట్టీ, వ్యాపారస్తుని ఇంట్లో నట్టింటి నుంచి ఆకాశానికి దోవా? వచ్చిన లక్ష్మి వచ్చినట్టే పొగై పోతాది" అన్నాడు తల బయటికి తీసి, ముక్కు మీది మసి తుడుచుకుంటూ.

సంచికి చిల్లు ఉందంటే నిద్రపోని మనిషి శెట్టి. వెంటనే గొట్టం పైన నాపరాతి బండ పరిపించాడు. కింద పొయ్యి నోటికి అడ్డంగా ఇటుకలు కట్టించాడు. ఇటుకల ముందు మిగిలిన గూట్లో దేవుడి పటాలు పెట్టించి, దీపం వెలిగించాడు. రెండు మూతులూ కుట్టేసిన గోనె మాదిరి పొగగొట్టం ఇంటి నడుమ నిలబడిపోయింది.

కొన్నేళ్లు సవ్యంగానే నడిచింది. తర్వాత అటకలో గొట్టం చుట్టూ గోడ ముదురు రంగుకు తిరిగింది. సున్నం పొక్కులు లేచి రాలింది. రాలిన చోట నల్లటి బూజు చుక్కలుగా మొదలై, ఒక వానాకాలం దాటేసరికి గొంగడి పరిచినట్టు తయారైంది. ఆ అటక కిందే పడకగది. తలుపు తీస్తే, తడిసిన గోనెపట్టా మడిచి మరిచిపోయిన వాసన.

శెట్టి భార్య సుబ్బరత్నమ్మకు ఆయాసం పట్టుకుంది.

"నేనీ ఇంట్లో పండుకుంటే తెల్లారేసరికి నా గొంతులో పిల్లిపిల్లలు అరస్తాండాయి" అంది ఆమె ఒకరోజు, ట్రంకుపెట్టె సర్దుకుంటూ. "మన గోదాములో చింతపండు బుట్టలు ఎంత హాయిగా ఊపిరి తీసుకుంటాండాయో చూసినారా? వాటికి ఇచ్చిన గాలి నాకియ్యలేకపోతిరి. నేను ఆడికే పోతాండా. ఆ చెమ్మ పోయిన దినం పిలవండి, వస్తా."

"జనం ఏమనుకుంటారే?"

"శెట్టి పెండ్లాన్ని కూడా సరుకులో కలిపినాడు అనుకుంటారు. అనుకోనీండి."

ఆమె అన్నంత పనీ చేసింది. గోదాములో ఒక మూల మంచం, పొయ్యి, దేవుడి పటం పెట్టుకుంది. నాలుగు రోజులకే గొంతులో పిల్లులు వెళ్లిపోయాయి. శెట్టి మాత్రం హోటలు అన్నం తిని, ఖాళీ ఇంట్లో పడుకుంటున్నాడు. ఎదురు చెప్పే మనిషి లేకపోతే తిన్నది అరగదని అతనికి అప్పుడే తెలిసింది.

తాపీ మేస్త్రీ మౌలాలిని పిలిపించాడు. మౌలాలి కిందినుంచి పైకి ఒక్క చూపు చూసి "వాన శెట్టీ, ఇంకేముంది" అని, గొట్టం చుట్టూ పెంకులు మార్చి, సందుల్లో సిమెంటు పూశాడు. చెమ్మ తగ్గలేదు. మళ్లీ పూశాడు. ఈసారి సిమెంటు మీద కూడా బూజు వచ్చింది. వాన ఆగి నెలలు గడిచాయి, మాఘం పోయి ఫాల్గుణం వచ్చింది, ఎండలు ముదిరాయి. గోడ ఆరలేదు.

ఇక శెట్టి తన విద్యే వాడాడు. చింతపండు వ్యాపారికి చెమ్మే మొదటి శత్రువు. అది సరుకులోకి ఏ దారిన వచ్చిందో కనిపెట్టలేనివాడు ఒక్క ఏడాది కూడా కొట్టు తెరవలేడు. మూడు బెల్లం అచ్చులు తెచ్చి, ఒకటి పెంకుల కింద, ఒకటి బయటి గోడ పక్కన, ఒకటి గొట్టానికి ఆనించి పెట్టాడు. మర్నాడు ఎక్కి చూస్తే మొదటి రెండూ పెట్టినవి పెట్టినట్టే గట్టిగా ఉన్నాయి. గొట్టం పక్కది కారి, పాకమై, చీమలను కూడా ముంచేసింది.

శెట్టి నేరుగా గోదాముకు వెళ్లాడు.

"పెంకుల్లోంచి దిగే వాన కాదే. గొట్టానికి చెమట పట్టింది. బండ సందులోనుంచి దిగిన నీళ్లను లోపలి మసి తాగి కూచుంది. పైనా కిందా మూసినాము కదా, గాలాడక ఆరడం లేదు. పట్టా కప్పిన బుట్ట మాదిరే."

"మూసినాము కాదు, మూసినారు" అంది సుబ్బరత్నమ్మ చింతపండులో గింజ తీస్తూ. "నేను అప్పుడే చెప్తి. పోవాలనుకుంటే లక్ష్మికి వాకిలి లేదా అని."

"సరే, శుక్రవారం మౌలాలి వస్తాడు. పైన బండ ఎత్తించి, నాలుగు ఇటుకల మీద నిలబెడతా. వాన పడదు, గాలి పోతుంది. కింద ఇటుకలు తీయించేస్తా. ఒక నెలలో ఎండిపోతాది."

"నెల తరువాత పెట్టె సర్దుతా" అంది ఆమె.

బేరం అక్కడికి కుదిరిపోయినట్టే. కానీ శుక్రవారానికి ముందు గురువారం ఉంటుంది. గురువారం పొద్దున కొట్టుకు హరినాథ్ వచ్చాడు.

హరినాథ్ చెరువుల పరిరక్షణ ప్రత్యేక విభాగంలో ఇంజనీరు. ఆ విభాగం ఎందుకు పుట్టిందో చెప్పాలి. తుమ్మలకోన చుట్టూ ఒకప్పుడు చాలా చెరువులు ఉండేవి. ఒకదాంట్లో బస్టాండు లేచింది, ఒకదాంట్లో సినిమా హాలు, ఒకదాంట్లో ఇళ్ల ప్లాట్లు. చెరువులన్నీ అయిపోయాక వాటిని కాపాడాలన్న ఉత్సాహం పైనుంచి వచ్చింది. కాపాడటానికి చెరువులు లేవు కాబట్టి, ముందు చెరువులను కనిపెట్టాలని ఉత్తర్వు వచ్చింది. రోహిణి కార్తె ఎండలో కూడా తడి ఆరని చోటు ఏదైనా సరే, అది శాశ్వత జలవనరు. దాన్ని చెరువుగా ప్రకటించాలి. ప్రతి తాలూకా కనీసం ఒకటి చూపించాలి.

"ఏం సార్, ఈ ఎండలో తిరుగుతాండారు?" అన్నాడు శెట్టి.

"చెరువు కోసరం తిరుగుతాండా శెట్టన్నా. ఈ నెలాఖరుకు ఒక్కటన్నా చూపీకపోతే నన్ను యాడికో మార్చేస్తారు. ఈ రోహిణిలో తడి యాడుంది చెప్పు? మనిషి కంట్లోనే లేదు. బస్టాండు మరుగుదొడ్ల వెనక కొంచెం కనబడింది. అది ఇంకో శాఖదంట, ముట్టుకోవద్దన్నారు."

"తడే కావాలంటే మా అటక ఎక్కు సార్" అని నవ్వాడు శెట్టి. "రోళ్లు పగిలే ఎండలో కూడా ఆరి చావదు."

రుచి చూద్దామని నోటి దాకా తెచ్చిన చింతపండును హరినాథ్ కింద పెట్టేశాడు.

"ఆరదా?"

"ఆరదు."

"ఏడాది పొడుగునా?"

"ఏడాది పొడుగునా."

"ఊరికే ఒకసారి చూస్తా శెట్టన్నా. మా దగ్గర చెమ్మను కొలిచే మిషన్ ఉంది. ఫీజు గీజు ఏమీ లేదు."

ఊరికే వచ్చే సరుకును రెండుసార్లు తూచి గానీ ఇంట్లోకి రానివ్వకూడదు. ఈ మాట శెట్టి ఇతరులకు చాలాసార్లు చెప్పాడు. ఆ రోజు తనకు చెప్పుకోవడం మరిచిపోయాడు.

హరినాథ్ మిషను గోడకు ఆనించాడు. అది కూసింది. చతికిలబడి, లేచి, ఫొటోలు తీశాడు. టేపుతో అటక అంతా కొలిచాడు. పెంకుల కప్పును చూపించి "ఇది పరీవాహక ప్రాంతం, అంటే ఈ నేల మీద పడిన నీళ్లన్నీ చెరువులోకి వస్తాయి" అన్నాడు. గొట్టాన్ని తట్టి "ఇది కట్ట" అన్నాడు. పైన బండను చూసి "నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయే అలుగు", కింద దేవుడి గూడును చూసి "పొలాలకు నీళ్లు వదిలే తూము" అన్నాడు. అన్నీ ఉన్నాయి. ఇంత చక్కటి చెరువును తాను చదువుకున్న పుస్తకాల్లో కూడా చూడలేదని చెప్పి, శెట్టి చెయ్యి పట్టుకుని ఊపి, కళ్లు తుడుచుకుంటూ దిగి వెళ్లాడు.

శుక్రవారం మౌలాలి కప్పు ఎక్కి బండ కింద గడ్డపార దూర్చాడో లేదో, వీధిలో జీపు ఆగింది.

"ఆపండి! చెరువుకు గండి కొడతాండారు!" అని హరినాథ్ కిందినుంచి అరిచాడు.

మౌలాలి కప్పు మీద నిలబడి నలువైపులా చూశాడు. "యాడ సార్ చెరువు?" అన్నాడు. "నువ్వు నిలబడింది దాని అలుగు మీదే" అన్నాడు హరినాథ్. మౌలాలి భయంతో చెప్పులు విప్పి చేత పట్టుకుని దిగాడు.

జీపులోంచి ఒక బోర్డు దించారు. శెట్టి ఇంటి వాకిలి పక్కన కొట్టారు. "పొగగొట్టం చెరువు. పూడ్చుట, ఎండబెట్టుట, ఆక్రమించుట శిక్షార్హం." అటకలో బూజు ఎంత ఎత్తు దాకా పాకిందో అంత ఎత్తున ఎర్ర రంగు పూసిన రాయి పాతారు. చెరువు నిండితే నీళ్లు అక్కడిదాకా ఉంటాయట. రాయి చుట్టూ కొంత మేర ఏ పనీ చేయరాదని తెల్లగీత గీస్తే, పడకగదీ వంటిల్లూ ఆ గీత లోపల పడ్డాయి.

శెట్టి చొక్కా మార్చుకుని విభాగం కార్యాలయానికి వెళ్లాడు. ప్రత్యేకాధికారి వేదాచలం గారు పెద్ద బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడితే వాక్యం కూడా లేచి నిలబడి మాట్లాడినట్టుంటుంది.

"సార్, మా ఇంట్లో చెమ్మ..." అని మొదలుపెట్టాడు శెట్టి.

"సదరు పదం శాఖాపరంగా లేదు. ప్రాథమిక దశలోని జలనిల్వ అనాలి."

"సరే సార్, అదే. దానిమీద బూజు..."

"జలావరణ వృక్షసంపద. గత పరిశీలనలో దాని విస్తరణ ఆశాజనకంగా ఉన్నట్లు గమనించడమైనది. అభినందనలు."

"మా ఆడమనిషికి ఆయాసం సార్. ఊపిరాడక ఇల్లు వదిలి గోదాములో ఉంటాంది."

వేదాచలం గారు సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "చెరువు ఒడ్డు నివాసం ఆరోగ్యానికి మేలు చేస్తుందని మా కరపత్రంలో ఉంది. ఆమెను ఒకసారి చదువుకోమనండి."

"ఇల్లు ముందు కట్టినారు సార్. చెరువు తరువాత వచ్చింది."

"విభాగం దృష్టిలో చెరువు ఎప్పుడూ ముందే. నిర్మాణాలే తరువాత వస్తాయి. ఆ లెక్కన మీ గృహం చెరువు గర్భంలో ఆక్రమణగా ఉన్నట్లు ప్రాథమికంగా భావించవలసి ఉన్నా, మీ సహకార దృక్పథం దృష్ట్యా ప్రస్తుతానికి భావించడం లేదు."

శెట్టికి కాస్త రోషం వచ్చింది. "మీ కుర్చీ ఉన్నచోటనే మా నాయన ఎద్దులకు నీళ్లు తాపుతాండె సార్. ఇది రెడ్డమ్మ చెరువు."

"ఒకప్పుడు. తదనంతరం ఎండింది" అన్నారు వేదాచలం గారు ఏమాత్రం తొణకకుండా. "ఎండిన చెరువు ప్రభుత్వ భూమి. ప్రభుత్వ భూమిలో ప్రభుత్వ కార్యాలయం ఉండటంలో నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదు."

ఆ మాట శెట్టి చెవిలో పడింది కానీ, అప్పటికి దాని తూకం తెలియలేదు.

తరువాతి వారం చేపల శాఖ ఆయన ఒక ప్లాస్టిక్ సంచిలో చేపపిల్లలను తీసుకుని వచ్చాడు. కొత్త చెరువు ప్రకటిస్తే చేపపిల్లలు వదలాలని వాళ్లకు ఉత్తర్వు. నిచ్చెన ఎక్కి, బూజును వేలితో తాకి చూశాడు.

"లోతు తక్కువే" అన్నాడు.

"లోతే లేదు సామీ" అన్నాడు శెట్టి.

"మాకు లోతుతో పని లేదప్పా. వదిలినామా లేదా అన్నదే మాకు. నీళ్లు ఉన్నాయా లేవా అనేది వేరే శాఖ చూసుకుంటాది." సంచి విప్పబోయాడు. శెట్టికి జీవహత్య ఇష్టం లేదు. పరుగున కిందికి వెళ్లి ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పట్టుకొచ్చి గోడ పక్కన పెట్టాడు. చేపల శాఖ ఆయన పిల్లలను అందులో వదిలి, "నర్సరీ కుంట" అని సుద్దముక్కతో గంగాళం మీద రాసి వెళ్లిపోయాడు. శెట్టి రోజూ రెండు పూటలా వాటికి అటుకులు వేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాట్లాడటానికి అవే ఉన్నాయి.

గోదాములో ఈ సంగతి చెబితే సుబ్బరత్నమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

"పెండ్లాన్ని ఎల్లగొట్టి చేపలను సాకుతాండారా? బలే సంసారం!"

"నవ్వద్దే. నాకు దోవ కనబడలేదు. గడ్డపార ముట్టుకుంటే కేసు పెడతారంట. ఆ చెరువు బతికినంత కాలం నువ్వీ గోదాములోనే."

ఆమె నవ్వు ఆగిపోయింది. చేట ముందుకు లాక్కుని గింజలు తీయసాగింది. ఆ రోజు గోదాములో చింతపండు వాసన ఎక్కువగా ఉంది. శెట్టి ఆమె పక్కన ఒక బుట్ట తిరగేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ల సంసారంలో తన వాటాకు వచ్చింది ఎంత, పోయింది ఎంత అని ఎప్పుడైనా లెక్క వేస్తే, వచ్చిన వైపు ముందు కనిపించేది ఈ మనిషే. ఇప్పుడు ఆ వైపు తేలిపోతోంది.

దోవ చూపించింది హరినాథే, తనకు తెలియకుండా. మరో రెండు వారాలకు అతను చెమట్లు కక్కుకుంటూ కొట్టుకు వచ్చాడు.

"శెట్టన్నా, చెరువుకు నీటి సంఘం ఎన్నిక జరపమన్నారు. ఓటర్లు కావాల. ఆయకట్టుదార్లు, అంటే చెరువు నీళ్లు ఎవరి మీద పారతాయో వాళ్లు. మీ చెరువు నీళ్లు ఎవరి మీద పారతాయి?"

"వానాకాలం ఒకటి రెండు చుక్కలు మా పడకగదిలోకి కారతాండె."

"ఎవరి మీద పడతాండె?"

"నేను గోడ పక్క. మా ఆడమనిషి మంచం దాని కిందనే."

హరినాథ్ ముఖం వెలిగింది. ఆయకట్టు మొత్తానికి ఒక్కతే రైతు. నోటీసు అంటించారు, నామినేషన్ వేయించారు, పోటీ లేదని ప్రకటించారు. సుబ్బరత్నమ్మ పొగగొట్టం చెరువు నీటి సంఘానికి అధ్యక్షురాలైంది. గోదాములో చింతపండు బుట్టల నడుమ ఆమె మెళ్లో బంతిపూల దండ వేశారు. దండ వేస్తూ హరినాథ్, "ఇంక మీరు లేనిది ఆ చెరువులో ఏమీ జరగదక్కా" అన్నాడు మర్యాదకు.

"ఏమీ జరగదు అంటే?" అంది ఆమె.

"తూము ఎత్తాలన్నా, దించాలన్నా, అలుగు ఎత్తు పెంచాలన్నా సంఘం అధ్యక్షులే తీర్మానం చెయ్యాల. మేము అమలు చేసేవాళ్లమే."

శెట్టి, సుబ్బరత్నమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బేరంలో ఎదుటివాడు తన నోటితోనే ధర చెప్పేసినప్పుడు వ్యాపారి ముఖంలో ఏమీ కనిపించకూడదు. శెట్టి చూపు తిప్పుకుని బుట్ట మీద లేని దుమ్ము దులిపాడు.

హరినాథ్ వెళ్లాక ఆమె దండ తీసి గింజల చేట మీద పెట్టింది. "తూము అంటే మన దేవుని గూడే కదా?"

"అదే. అలుగు అంటే పైన బండ."

"అయితే మనం చెమ్మ అనొద్దు, బూజు అనొద్దు, ఆయాసం అసలే అనొద్దు. మన మాటలతో అడిగినందుకే కాదన్నారు. తూకం రాళ్లు వాళ్లవి అయినప్పుడు మాట కూడా వాళ్లదే తూచాల."

మర్నాడు అధ్యక్షురాలి తీర్మానం విభాగానికి చేరింది. ఆయకట్టు రైతు తీవ్ర నీటి ఎద్దడిలో ఉన్నందున పొగగొట్టం చెరువు తూము ఎత్తి నీరు విడుదల చేయాలని, చెరువు సామర్థ్యం పెంచేందుకు అలుగు బండను నాలుగు ఇటుకల మేర పైకి లేపాలని అందులో ఉంది. వేదాచలం గారు దాన్ని రెండుసార్లు చదివి చాలా సంతోషించారు. ఆ విభాగం పుట్టాక ఒక్క చెరువు నుంచి కూడా నీళ్లు వదలలేదు. ఇదే మొదటిది. తానే స్వయంగా వచ్చి తూము ఎత్తుతానని కబురు చేశారు.

మంచి రోజు చూశారు. వాకిట్లో షామియానా వేశారు. మేళం వాళ్లను పిలిచారు. ముందుగా మౌలాలి కప్పు ఎక్కి, ఈసారి చెప్పులతోనే, అందరూ చూస్తుండగా బండను లేపి నాలుగు మూలలా నాలుగు ఇటుకల మీద నిలబెట్టాడు. "అలుగు ఎత్తు పెంపు పూర్తయినది" అని హరినాథ్ మైకులో చెప్పాడు. కింద జనం చప్పట్లు కొట్టారు.

నట్టింట్లో దేవుడి పటాలను శెట్టి తీసి పక్క గదిలోకి మార్చాడు. గూటి ముందు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. గంగమ్మకు ఇవ్వడానికి ఎర్ర రవికె గుడ్డ, గాజులు. వేదాచలం గారు కొబ్బరికాయ కొట్టి, ప్యాంటు మడిచి, నీళ్లు మీద పడతాయని కాస్త ఎడంగా నిలబడ్డారు.

"ఈ శుభ సందర్భంలో," అన్నారు ఆయన, "ఒక గృహ గర్భంలో నిక్షిప్తమైన జలసంపదను ఆయకట్టుకు అంకితం చేయడం నా పూర్వజన్మ సుకృతంగా భావిస్తున్నాను." గడ్డపార అందుకుని మొదటి ఇటుక కదిలించారు. మిగతావి మౌలాలి లాగాడు.

మేళం ఊపందుకుంది. అందరూ ముందుకు వంగారు.

మొదట ఏమీ రాలేదు. తరువాత కాస్త సున్నం రాలింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లుగా గొట్టంలో ఇరుక్కున్న మసి, ఒక కాకిగూడు, దొర కాలం నాటి బూడిద అన్నీ కలిసి ఒక్కసారిగా దిగి వేదాచలం గారి తెల్లచొక్కా మీద స్థిరపడ్డాయి. మేళం ఆగింది. మసి నడుమ ఆయన కళ్లు రెండూ తెల్లగా మెరిశాయి.

అప్పుడు హారతి పళ్లెంలో కర్పూరం మంట అటూ ఇటూ ఊగి, గూటి వైపు వంగింది. వంగి అలాగే నిలబడింది. గాలి ఇంట్లోకి వాకిలి గుండా వచ్చి, మనుషుల మధ్య నుంచి నడిచి, పొయ్యిలోకి దూరి, పైకి వెళ్లిపోతోంది. మూలల్లోని గోనె వాసన కూడా దాని వెంటే కదిలింది.

సుబ్బరత్నమ్మ గుమ్మం దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కొంగు దించింది. ఒక నిండు ఊపిరి తీసుకుంది. ఇంకొకటి తీసుకుంది. దగ్గు రాలేదు.

"నీళ్లు ఏవి?" అన్నారు వేదాచలం గారు మెల్లగా.

అందరూ అధ్యక్షురాలి వైపు చూశారు.

"వచ్చినాయి సార్" అంది సుబ్బరత్నమ్మ. "ఆయకట్టుకు ముట్టినాయి. ఆయకట్టు నేనే కదా. నాకు చాలు."

రైతుకు నీళ్లు ముట్టాయని రైతే చెప్పాక విభాగానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నీటి విడుదల విజయవంతమని హరినాథ్ మైకులో ప్రకటించాడు. మేళం మళ్లీ మొదలైంది. ఫొటోలో వేదాచలం గారి పళ్లు మాత్రం బాగా పడ్డాయి.

ఆ సాయంత్రం నుంచి శెట్టి పొయ్యిలో చింతకాయల పై పెంకులతో కొంచెం నిప్పు వేసి ఉంచాడు. వారం తిరగకుండా గోడ రంగు లేతబడింది. నెలకు బూజు ఎండి పొడిపొడిగా రాలింది. శెట్టి చీపురుతో ఊడ్చి, వేపనీళ్లతో తుడిచి, సున్నం కొట్టించాడు. గొట్టానికి ఆనించి బెల్లం అచ్చు పెట్టి మర్నాడు చూశాడు. రాయిలా ఉంది. ఆ అచ్చునే జేబులో వేసుకుని గోదాముకు వెళ్లి భార్య చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని నొక్కి చూసి, కొరికి, ట్రంకుపెట్టె దించమంది.

ఇద్దరూ ఇల్లు చేరారు. ఆ రాత్రి శెట్టి రెండుసార్లు వడ్డించుకున్నాడు. అన్నం మాడిందన్నాడు. మాడలేదని ఆమె అంది. చాలాసేపు వాదించుకుని హాయిగా నిద్రపోయారు.

ఇక్కడితో అయిపోతే అది కథ. జీవితంలో తరుగు పోవాల్సిందే.

కార్తీకం వచ్చేసరికి హరినాథ్ మళ్లీ వచ్చాడు. ఈసారి అతని చేతిలో మిషను లేదు. పొడుగాటి టేపు ఉంది. వెనక గొలుసు పట్టుకుని ఇద్దరు సర్వేయర్లు ఉన్నారు. హరినాథ్ శెట్టి కళ్లలోకి చూడలేదు.

"చెరువు ఎండిపోయిందని పైన తెలిసిపోయింది శెట్టన్నా."

"ఎండింది. మంచిదే కదా సార్? ఇంక బోర్డు పీకేయండి."

"బోర్డు పీకేస్తాం. కానీ..." అతను టేపును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఎండిన చెరువు ప్రభుత్వ భూమి కదన్నా. మా ఆఫీసు ఇరుకైపోయింది. కొత్త కొలనుల విభాగం ఒకటి వస్తాంది, దానికి జాగా కావాల. వేదాచలం సారు మీ ఇంటి కొలతలు తెమ్మన్నారు."

ఎప్పుడో విన్న మాట శెట్టి చెవిలో ఇప్పుడు దాని అసలు తూకంతో పడింది. దొర కట్టిన మందపాటి గోడలు, అటక, తన కష్టార్జితం, అన్నీ ఆ టేపు చివర వేలాడుతూ కనిపించాయి. గోడకు ఆనుకున్నాడు. గోడ చల్లగా, పొడిగా ఉంది.

"ఎవరు చెప్పినారు ఎండిందని?" అంది లోపలినుంచి ఒక గొంతు.

వంటింట్లోంచి సుబ్బరత్నమ్మ వచ్చింది. చేతిలో చెంబు. "నేను అధ్యక్షురాలిని. నా చెరువు ఎండితే నాకు తెలీదా? రండి సార్, ఎక్కి చూద్దురు. కొంచెం ఓర్చుకోండి, చేపలకు నీళ్లు మార్చాల."

ముందుగా ఆమె నిచ్చెన ఎక్కింది. గంగాళంలో చేపలు వేళ్లంత పెరిగాయి. అందులోంచి ఒక చెంబెడు పాత నీళ్లు ముంచి, ఎర్ర రంగు పూసిన రాయి మీద నింపాదిగా ఒంపింది. నీళ్లు కొత్త సున్నం మీద పాకి, గోడ మీద అరచేతి మేర నల్లటి మరక వేశాయి. ఆమె పక్కకు జరిగి నిలబడింది.

హరినాథ్ ఎక్కాడు. రాయిని చూశాడు. మరకను చూశాడు. చెంబును చూశాడు. ఆమె ముఖం చూశాడు. చూపించడానికి ఉన్న ఒక్క చెరువూ పోతే తనను ఎక్కడికో మార్చేస్తారన్న సంగతి అతనికీ గుర్తొచ్చి ఉండాలి.

"తడి ఉందక్కా" అన్నాడు.

"నిండుగా ఉంది అనండి సార్."

"నిండుగా ఉంది" అని రాసుకుని, టేపు చుట్టుకుని దిగిపోయాడు.

అప్పటి నుంచి విభాగం వాళ్లు పరిశీలనకు వస్తున్నారని కబురు తెలిస్తే చాలు, సుబ్బరత్నమ్మ గంగాళం లోంచి ఒక చెంబు రాయి మీద పోస్తుంది. వాళ్లు దిగి వీధి మలుపు తిరిగేలోపు గొట్టం గాలికి మరక ఆరిపోతుంది. బోర్డు ఇంకా వాకిట్లోనే ఉంది.

"సొంత ఇంట్లో ఉండటానికి చెరువుకు ఒక చెంబెడు నీళ్లా!" అని శెట్టి అప్పుడప్పుడు గొణుగుతాడు.

"తరుగు అనుకోండి" అంటుంది ఆమె, దగ్గు లేని గొంతుతో.